మూడవ దెబ్బకు ఆశపడవద్దు

యౌవనుల పుట



ఈ నెల మా ముందున్న ప్రశ్న కొల్లేటి ప్రాంతమునుండి వచ్చింది. చేపల చెరువు మీద జీవనము చేసికొనే ఒక తండ్రిగారు వ్రాశారు. వారి పెద్దబ్బాయి తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకు ఇంటికి వచ్చి, చదువు కొరకు కొనిచ్చిన లాప్‌టాప్‌లో ఎల్డెన్ రింగ్ అనే కత్తియుద్ధముల ఆట పెట్టుకొన్నాడు. నాలుగు రోజులుగా ఒకే శత్రువు చేతిలో ఓడిపోతున్నాడు. "ఆపరా అంటే వినడు, ఓడిపోతే అన్నం తినడు. పదకొండేళ్ళ తమ్ముడు పక్కనే కూర్చుని చూస్తుంటాడు. లాప్‌టాప్ తీసికెళ్ళి చెరువులో వేయమంటారా? లేదా గెలిచే ఉపాయము ఏదైనా ఉంటే అదైనా చెప్పండి, ఇంట్లో శాంతిగా ఉంటుంది" అని అడిగారు.

అయ్యా, చెరువులో వేయవద్దు. అది చేపలకూ మేలు కాదు, మీ కష్టార్జితమునకూ మేలు కాదు. మీ రెండవ మాటనే మేము తీసికొన్నాము. ఈ ఆట తెలిసిన మన సంఘ యౌవనస్థుల పక్కన కూర్చుని, వారు ఎలా ఓడిపోతున్నారో, ఎలా గెలుస్తున్నారో చూచాము. చూచిన తరువాత మాకు ఒక సంగతి తెలిసింది. ఈ ఆటలో గెలిపించేది చేతి వేగము కాదు, ఆశను అదుపులో పెట్టుకొనుట. ఆ ఒక్కటి మీ అబ్బాయి నేర్చుకొంటే శత్రువునూ గెలుస్తాడు, ఆటనూ ఆపగలుగుతాడు. కనుక ఈ నెల మెళకువలు ముందు చెప్పి, పెద్దలకు చెప్పవలసినది తరువాత చెబుతాము.

ఈ ఆట ఏమిటి?

దీనిని తయారు చేసినది జపాను రాజధాని టోక్యోలో 1986లో మొదలైన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ అనే సంస్థ. మొదట వారు చేసినవి ఆటలు కావు, కార్యాలయ పనులకు ఉపయోగపడే ప్రోగ్రాములు. 1994లో ఆటల వైపు తిరిగారు. 2009లో డెమన్స్ సోల్స్, 2011లో డార్క్ సోల్స్, 2022 ఫిబ్రవరిలో ఎల్డెన్ రింగ్ వచ్చాయి. ఈ మూడింటికీ దర్శకుడు హిదెతాకా మియజాకి. ఆయన బీద కుటుంబములో పెరిగినవాడు. పుస్తకములు కొనే స్థోమత లేక గ్రంథాలయమునుండి తెచ్చుకొని చదివేవాడు. అర్థము కాని చోట్లను తన ఊహతో నింపుకొనేవాడినని ఆయనే చెప్పుకొన్నాడు. 2004లో, ముప్పై ఏళ్ళ వయసు దగ్గరపడుతుండగా, జీతము తగ్గినా లెక్కచేయక ఈ సంస్థలో చేరి, 2014లో దానికి అధ్యక్షుడయ్యాడు.

ఆయన ఆటలు కఠినమైనవని లోకమంతటా పేరు. అయినా 2024 జూన్ నాటికి ఎల్డెన్ రింగ్ 2.5 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. కథ పూర్తిగా కల్పితము. అందులో కల్పిత దేవతలు, రాక్షసులు, రక్తపాతము ఉన్నాయి. ఆడేవాడు అలసట తీర్చుకొనే వెలుగు గుర్తులకు అందులో 'గ్రేస్' అని పేరు పెట్టారు. మనము ప్రకటించే కృపకు దానితో ఏ సంబంధమూ లేదు. పేరు విని భ్రమపడవద్దు, పేరు విని భయపడనూ వద్దు. ఐరోపాలో దీనిని 16 ఏళ్ళు నిండినవారికి, అమెరికాలో 17 ఏళ్ళు నిండినవారికి అని నిర్ణయించారు. కాబట్టి పదకొండేళ్ళ తమ్ముడిని ఈ రోజే ఆ పక్కనుండి లేపండి. ఇది మొదటి సలహా, దీనిలో బేరము లేదు.

ఇక పెద్దబ్బాయికి చెప్పవలసిన మెళకువలు. తండ్రిగారూ, మీరే చదివి వినిపించండి. మీ నోట ఈ మాటలు వింటే అతడు ఆశ్చర్యపడి అయినా వింటాడు.

1. ముందు చూడు, తరువాత కొట్టు

మీరు వ్రాసిన గురుతులను బట్టి, అబ్బాయిని ఆపినవాడు మార్గిత్ అని మన యౌవనస్థులు చెప్పారు. కోట వాకిట నిలిచే కొమ్ముల ముసలి రూపము, చేతిలో కర్ర. కొత్తవారిలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. కారణము ఏమిటంటే అతడు కర్ర ఎత్తిన వెంటనే కొట్టడు. ఎత్తి, ఒక క్షణము పట్టి ఉంచి, అప్పుడు దింపుతాడు. కర్ర లేవగానే మనవాడు భయపడి నేల మీద దొర్లుతాడు. దొర్లి లేచే సమయానికి కర్ర సరిగ్గా నెత్తిన దిగుతుంది.

మందు ఏమిటంటే, మొదటి అయిదు సార్లు ఒక్క దెబ్బ కూడా కొట్టవద్దు. ఓడిపోవడానికే లోపలికి వెళ్ళాలి. చుట్టూ తిరుగుతూ అతడి చేతిని చూడాలి. ఏ దెబ్బ తరువాత ఏ దెబ్బ వస్తుందో, ఎక్కడ అతడు ఊపిరి తీసికొంటాడో నోటితో లెక్కపెట్టాలి. ఏలూరు తివాచీలు నేసేవారు నమూనా చూచి ముడులు లెక్కపెట్టుకొంటూ వేస్తారు. ఒక్క ముడి లెక్క తప్పితే పువ్వు వంకరపోతుంది. ఇదీ అటువంటి లెక్కే. శత్రువు దెబ్బలు అసంఖ్యాకముగా కనిపిస్తాయి గాని అవి కొన్నే. అవే మరల మరల వస్తాయి. లెక్క చిక్కినవాడికి భయము సగము పోతుంది.

2. మూడవ దెబ్బకు ఆశపడకు

శత్రువు తన వరుస ముగించి నిలిచినప్పుడు మనకు దొరికే సందు చిన్నది. అందులో ఒక దెబ్బ, మహా అయితే రెండు పడతాయి. రెండు కొట్టి పక్కకు తప్పుకోవాలి. ఓడిపోయేవారందరూ మూడవ దెబ్బ దగ్గరే ఓడిపోతున్నారు. శత్రువు బలము చూపే ఎర్రగీత పైసంత మిగిలినప్పుడు ఈ ఆశ మరీ పెరుగుతుంది. ఇంకొక్కటి కొడితే అయిపోతుందని మనసు తొందరపెడుతుంది. ఆ ఒక్కటి కొట్టబోయి అంతసేపు నిలబెట్టుకొన్నదంతా పోగొట్టుకొంటారు. దురాశ దుఃఖమునకు చేటు అని మన పెద్దలు ఊరకే అనలేదు.

ఇక్కడొక పద్ధతి చెబుతాము. శత్రువు బలము తగ్గేకొద్దీ నీవు కొట్టే దెబ్బలు తగ్గించు. మొదట రెండు కొట్టినవాడవు చివరలో ఒక్కటే కొట్టు. మార్గిత్ బలము సగమునకు దగ్గరపడినప్పుడు వెలుగుతో చేసిన పెద్ద సుత్తి తీస్తాడు, పోరాటము తీరు మారిపోతుంది. అప్పటివరకు నేర్చుకొన్న లెక్క చాలదు, మళ్ళీ చూడాలి. గెలుపు దగ్గరపడిందనుకొన్న చోటే నిదానము ఎక్కువ కావాలి.

3. ఊపిరి మిగుల్చుకో

తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి ఉంటుంది. దానిని స్టామినా అంటారు. కొట్టినా, దొర్లినా, డాలుతో దెబ్బ కాచుకొన్నా, పోరులో పరుగెత్తినా అది తరుగుతుంది. అది అడుగంటినప్పుడు దొర్లడానికి శక్తి ఉండదు, డాలు పక్కకు పోతుంది. డాలు ఎత్తి పట్టుకొనే ఉంటే ఆ గీత మెల్లగా నిండుతుంది. డాలు దించితే త్వరగా నిండుతుంది. కనుక దెబ్బ రాని సమయములో డాలు దించాలి. గీత పూర్తిగా ఖాళీ అయ్యేదాకా కొట్టకూడదు, ఒక దొర్లుకు చాలినంత ఎప్పుడూ మిగిల్చి ఉంచాలి.

చెరువు చేసేవారికి ఇది విప్పి చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గి, చేపలు నోళ్ళు తెరచి పైకి తేలిన తరువాత ఏరేటరు తిప్పితే ఆలస్యమైనట్టే. తరగక ముందే చూచుకోవాలి. దావీదు సిక్లగు దోపిడిగాండ్రను తరిమినప్పుడు అతని వెంట ఉన్న ఆరువందల మందిలో రెండువందల మంది అలసిపోయి బెసోరు వాగు దగ్గర ఆగిపోయారు. దావీదు వారిని తిట్టలేదు, తరువాత దోపుడు సొమ్ములో వారికి సమభాగము ఇచ్చాడు. అలసట పాపము కాదు. అలసటను లెక్కలోనికి తీసికోకపోవుటే తెలివితక్కువ.

4. మోయగలిగినంతే తొడుగు

కొత్తగా ఆడేవారు దొరికిన ఇనుప కవచమంతా తొడిగిస్తారు. ఈ ఆటలో మోసే బరువునకు ఒక హద్దు ఉన్నది. మోయగల శక్తిలో 30 శాతము లోపు ఉంటే మనిషి తేలికగా, దూరముగా దొర్లుతాడు. 70 శాతము లోపు ఉంటే మామూలుగా దొర్లుతాడు. 70 దాటితే బస్తా పడినట్టు పడతాడు, లేవడానికి ఆలస్యమవుతుంది. 100 దాటితే దొర్లనే లేడు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో బస్తా మోస్తున్న కూలీని అదే క్షణములో కాలువ దూకమంటే దూకగలడా? అందుచేత బరువు 70 లోపు ఉండేట్టు కవచము తగ్గించుకోవాలి. చాలామందికి ఈ ఒక్క సవరణతోనే ఆట సగము తేలికవుతుంది.

సౌలు రాజు తన కవచమును దావీదుకు తొడిగించినప్పుడు దావీదు నడిచి చూచి, అలవాటు లేదని తీసివేశాడు. గొల్లవాడి వడిసెలతోనే వెళ్ళాడు. 1 సమూయేలు 17వ అధ్యాయము ఇంటిల్లిపాదీ కలిసి చదవండి. ఇతరుల కవచము ఎంత మెరిసినా మన ఒంటికి సరిపడకపోతే అది మనలను కాపాడదు.

5. వెనక్కి కాదు, పక్కకు

భయపడినవాడు వెనక్కి దొర్లుతాడు. పెద్ద శత్రువుల చెయ్యి పొడవు, ఆయుధము ఇంకా పొడవు, కాబట్టి వెనక్కి పోయినవాడికి దెబ్బ తగులుతుంది. దెబ్బ దిగే క్షణమున శత్రువు వైపే, అతడి పక్కకు దొర్లాలి. దొర్లే మొదటి క్షణమున, కన్నుమూసి తెరచినంత సేపు, ఏ దెబ్బా తగలకుండా ఆట ఏర్పాటు చేశారు. ఆ క్షణమునకు దెబ్బ సరిపడేట్టు చూచుకొంటే కత్తి మన మీదుగా పోతుంది, మనము అతడి వెనుక లేస్తాము. అదే కొట్టే సమయము. ఒక దెబ్బకు ఒక్క దొర్లు చాలు. కంగారులో బొత్తాము మూడు నాలుగు సార్లు నొక్కితే ఊపిరి వృథా.

దొర్లుట రానివారికి డాలు ఉన్నది. దెబ్బను డాలుతో కాచుకొని, మరుక్షణమే బలమైన దెబ్బ బొత్తాము నొక్కితే ఎదురుదెబ్బ పడుతుంది. అటువంటివి కొన్ని పడగానే శత్రువు తూలి మోకరిస్తాడు. అప్పుడు ముందుకు వచ్చి కొడితే గట్టి దెబ్బ తగులుతుంది. నెమ్మదస్థులకు ఈ పద్ధతి బాగుంటుంది. అయితే డాలు మామూలు దెబ్బలను నూటికి నూరు పాళ్ళు ఆపేదై ఉండాలి.

6. మందు తాగే వేళ

గాయము మానడానికి ఒక ఎర్రని బుడ్డి ఇస్తారు. దానిలో కొద్ది గుక్కలే ఉంటాయి. దెబ్బ తగిలిన వెంటనే తాగుట సహజమైన తొందర, అదే ప్రమాదము. దెబ్బ కొట్టినవాడు ఎదురుగా ఉన్నాడు, రెండవ దెబ్బ ఎత్తే ఉంచాడు. మార్గిత్ అయితే దూరముగా పోయి తాగుతున్నవాడి మీదికి కూడా వెలుగు బాకు విసురుతాడు. ముందు తప్పించుకో, అతడి వరుస ముగియనివ్వు, కొట్టడానికి దొరికే ఆ సందులో కొట్టక తాగు. దెబ్బ వేసే అవకాశమును వదులుకొని ప్రాణము నిలుపుకొనుట నష్టము కాదు.

7. పోయినచోటే వెదకు, అయితే పరుగెత్తవద్దు

శత్రువులను చంపితే రూన్స్ అనే పైకము వస్తుంది. మనిషి చనిపోతే అది పడినచోటే ఉండిపోతుంది. మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవచ్చును. తెచ్చుకోకముందే మరల చనిపోతే శాశ్వతముగా పోతుంది. పోయినచోటే వెతుక్కోవాలని మన సామెత. అయితే పోయిందన్న బాధతో పరుగెత్తినవాడు దారిలోని చిన్న శత్రువు చేతిలో పడిపోతాడు. అంతకన్నా మంచి పద్ధతి ఏమనగా, పెద్ద పోరాటమునకు వెళ్ళకముందే ఉన్న పైకమును ఖర్చుపెట్టి బలము పెంచుకొనుట. కొత్తవారు కత్తి పదును కంటె ముందు వైగర్ అనే ప్రాణబలమును పెంచుకోవాలి. ఒక్క దెబ్బకు పడిపోయేవాడు ఏమీ నేర్చుకోలేడు, రెండు దెబ్బలు తట్టుకొన్నవాడు మూడవదానిని చూడగలడు. దొరికే రాళ్ళతో ఆయుధమునకు సాన పెట్టించుకొనుట కూడా మరువవద్దు.

8. తప్పుకొని పోవుట పిరికితనము కాదు

ఆట మొదలైన కొద్ది నిమిషములకే బంగారు కవచముతో గుర్రము మీద ఒక రౌతు ఎదురవుతాడు. ట్రీ సెంటినెల్ అని పేరు. కొత్తవాడు అతడి మీదికి వెళ్ళి క్షణములో చనిపోతాడు, పంతము పట్టి పూటంతా చస్తూనే ఉంటాడు. చేసినవారు అతడిని అక్కడ పెట్టినది ఒక పాఠము కొరకే. చుట్టూ తిరిగి పోవచ్చును. ఈ లోకము విశాలము. వేరే చోట్ల తిరిగి, బలము పెంచుకొని, తనకూ గుర్రము దొరికిన తరువాత తిరిగి వస్తే అదే రౌతు లొంగుతాడు. మార్గిత్ విషయమూ ఇంతే. నాలుగు రోజులు అదే వాకిట నిలువనక్కరలేదు. దక్షిణమున ఉన్న ప్రాంతమంతా చూచి రమ్మనండి.

యెహోషువ హాయి పట్టణము మీదికి మొదట కొద్దిమందిని పంపినప్పుడు ఓటమి కలిగింది. ముప్పది ఆరుగురు చనిపోయారు. అతడు అదే మార్గమున అదే సేనను మరల తోయలేదు. దేవుని సన్నిధిలో సాగిలపడి కారణము తెలిసికొన్నాడు. ఆ కారణము ఆకాను దురాశ. దానిని సరిచేసికొన్న తరువాతనే, ప్రభువు చెప్పిన ప్రకారము, పట్టణము వెనుక కొందరిని మాటు ఉంచి, ఓడినట్టు వెనుదిరిగి గెలిచాడు. ఓటమికి కారణము వెదకకుండా మరల మరల తలబాదుకొనుట పట్టుదల కాదు, పంతము.

9. సహాయము పిలుచుట

ఈ ఆటలో చిన్న గంట ఒకటి దొరుకుతుంది. దానిని మ్రోగిస్తే మూడు తోడేళ్ళు వచ్చి మన పక్షమున పోరాడతాయి. మార్గిత్ వాకిట ముందు నేల మీద బంగారు రంగు గుర్తు ఉంటుంది. దానిని తాకితే ఒక మాంత్రికుడు తోడు వస్తాడు. శత్రువు వారి వైపు తిరిగినప్పుడు మనకు ఊపిరి దొరుకుతుంది. ఒంటరిగా గెలిస్తేనే గెలుపు అని కొందరు యౌవనస్థులు గంట ముట్టరు. మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు చెరియొక ప్రక్క పట్టుకొన్నారు. యుద్ధము గెలిచింది. దానివలన మోషేకు తక్కువ కాలేదు.

ఈ మెళకువలు చెల్లని చోటు

యౌవనస్థులారా, ఒక్క మాట. ఆటలో శత్రువు ఎప్పుడూ అవే దెబ్బలు కొడతాడు. జీవితము అలా కాదు. ఆటలో చనిపోయినవాడు మరల వెలుగు గుర్తు దగ్గర లేస్తాడు. ఏలూరు రోడ్డు మీద శిరస్త్రాణము లేకుండా మోటారు సైకిలు నడిపినవాడికి ఆ అవకాశము ఉండదు.

దీనికి మరొక ప్రక్క ఉన్నది, అది మాకు ఇంకా ముఖ్యము. ఆటలో ఒకే శత్రువు చేతిలో నలభై సార్లు ఓడి, నలభై ఒకటవసారి నవ్వుతూ వెళ్ళే పిల్లలే, ఒక్క పరీక్ష తప్పగానే ముఖము చూపలేక కుమిలిపోతున్నారు. ప్రతి సంవత్సరము ఇంటర్మీడియట్ ఫలితములు వచ్చే దినములలో మనము ఎటువంటి వార్తలు వింటున్నామో చెప్పనక్కరలేదు. తమ్ముడా, చెల్లీ, ఒక కల్పిత రాక్షసుని ముందు నీకున్న ఓపికలో కొంత నీ మీద నీవు చూపించుకో. ఎక్కడ తప్పానో చూచుకొని సప్లిమెంటరీకి కూర్చో. ఓటమి అనేది లెక్క నేర్పే గురువు, తీర్పు చెప్పే న్యాయాధిపతి కాదు. నిన్ను చేసిన దేవుడు నీ మార్కుల జాబితా చూచి నిన్ను ప్రేమించలేదు.

తల్లిదండ్రులకు

మొదటిది. ఈ ఆటలో పోరాటము మధ్యలో ఆపి ఉంచడానికి మామూలు బొత్తాము లేదు. "ఇప్పుడు ఆపలేనమ్మా" అని అబ్బాయి అంటే అది ప్రతిసారీ సాకు కాదు. అయితే ఒక్కొక్క పోరు సాధారణముగా కొద్ది నిమిషములదే. ఆట తనంతట తాను దాచిపెట్టుకొంటుంది గనుక పోరు ముగిసిన వెంటనే మూసివేస్తే పోయేది ఏమీ లేదు. కాబట్టి "ఈ పోరు అయ్యాక లే" అని చెప్పండి. గెలిచినా ఓడినా అదే చివరిది కావాలి. "ఇంకొక్కసారి" అనేదే ఇంటిలోని మూడవ దెబ్బ. దానిని అతడే గుర్తుపట్టి లేవగలిగితే, ఆటలో నేర్చుకొన్నది నిజమైనట్టు.

రెండవది, వేళ నిర్ణయించండి. సాయంకాలము కుటుంబ ప్రార్థనకు ముందే ముగించాలి. ఆదివారము ఆరాధన ముగిసేవరకు తెరవకూడదు. రాత్రి నిద్ర చెడిన చేతికి ఏ మెళకువా పట్టుబడదు, తెల్లవారి ఆడితే రెండవ ప్రయత్నములోనే గెలిచామని మన పిల్లలే చెబుతున్నారు. అలసిన ఏలీయాకు దేవదూత ముందు ఇచ్చినది ఉపదేశము కాదు, రొట్టె, నీళ్ళు, నిద్ర.

మూడవది, ఆటల మధ్య భేదము తెలిసికొనండి. ఇది ఒకసారి కొనుక్కొని ఆడే ఆట. గెలిస్తే డబ్బు రాదు, ఓడితే డబ్బు పోదు. డబ్బు కాసే ఆన్‌లైన్ పేకాటలు, పందెములు వేరు. సంక్రాంతి కోడిపందెముల బరి మన ప్రాంతములో ఎన్ని కుటుంబముల పొలములను మింగిందో మనకు తెలుసు. ఈ పందెములు అదే బరిని పడకగదిలోనికి తెచ్చాయి. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆన్‌లైన్ పందెపు ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ డబ్బు కాసే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టము చేసింది. మీ పిల్లల ఫోనులో అటువంటిది కనబడితే అక్కడ మెళకువలు చెప్పనక్కరలేదు, ఆ దినమే తీసివేయించండి.

నాలుగవది, హద్దు మీరిన గురుతులు తెలిసికొనండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి నుండి అమలులోనికి తెచ్చిన వ్యాధుల పట్టికలో ఆటల వ్యసనమును చేర్చింది. ఆటను తన అదుపులో ఉంచుకోలేకపోవుట, మిగిలిన పనులన్నిటికంటె ఆటకే మొదటి స్థానము ఇచ్చుట, నష్టము కనబడుతున్నా కొనసాగించుట — ఇవి సాధారణముగా ఒక సంవత్సరము పాటు కనబడితే దానిని వ్యాధిగా ఎంచుతారు. సెలవులలో నాలుగు రోజులు ఆడుట ఆ వ్యాధి కాదు. అయినా అన్నము మానుకొనుట కొనసాగితే ఊరుకొనవద్దు. కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ సహాయ కేంద్రము 14416 నంబరులో ఉచితముగా మాట్లాడుతుంది. 2022 అక్టోబరులో ఇది మొదలయింది, తెలుగులోనూ మాట్లాడవచ్చును. కాపరిగారితో ప్రార్థన చేయించుకొనుటకు, వైద్యుని అడుగుటకు మధ్య విరోధము లేదు.

చివరిది. తండ్రిగారూ, ఒక్క సాయంకాలము మీరే అతని పక్కన కుర్చీ వేసికొని కూర్చోండి. వల వేసే ముందు నీటిని ఎంతసేపు చూడాలో మీకు తెలుసు. అటపాక దగ్గర గూడబాతులనూ కొంగలనూ మీరు చిన్ననాటినుండి చూస్తున్నారు. కదలక నిలిచిన కొంగకే చేప దొరుకుతుందని మీ అబ్బాయికి మీకంటె బాగా ఎవరు చెప్పగలరు? "తొందరపడకురా, చెయ్యి ఎత్తాడు గాని ఇంకా దించలేదు" అని మీరు ఒక్క మాట అంటే, నాలుగు రోజులుగా ఇంట్లో లేని శాంతి అక్కడినుండి మొదలుకావచ్చును. అతడు గెలిచాక లేచి మీతో కలిసి అన్నము తింటే, మాకు ఒక కార్డు వ్రాయండి.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకొనుటకు

1. చదువవలసిన భాగములు: 1 సమూయేలు 17వ అధ్యాయము, 1 సమూయేలు 30వ అధ్యాయము, యెహోషువ 7, 8 అధ్యాయములు.

2. ఈ వారము మన ఇంటిలో ఎవరు ఎక్కడ "ఇంకొక్కసారి" అని ఆశపడ్డారు? ఫోను దగ్గరనా, మాట దగ్గరనా, అప్పు దగ్గరనా? పిల్లల కంటె ముందు పెద్దలు చెప్పవలెను.

3. మన తాలూకు కానిదై, మనము మోస్తున్న బరువు ఏదైనా ఉన్నదా?

ఈ నెల ప్రార్థనాంశము: ఇంటికి దూరముగా ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణములలో హాస్టళ్ళలో ఉండి చదువుకొంటున్న మన బిడ్డల కొరకు, పరీక్ష తప్పి మనసు క్రుంగిన వారి కొరకు ప్రతి దినము పేరు పేరున ప్రార్థించుదము. ఓర్పునిచ్చే దేవుడు వారికి తోడైయుండును గాక. ఆమేన్.